మొగిలిరేవు ఎర్ర పగ్గం

అనగా అనగా, ఏటికి వంతెనంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో, మొగిలిరేవు అని ఒక ఊరు ఉండేది. ఊరు ఏటికి ఇటు పక్క. సంత అటు పక్క.

అటు పోవాలంటే పడవే గతి. పడవలో మనుషులు ఎక్కొచ్చు, మూటలు ఎక్కొచ్చు, మేకలూ కోళ్ళూ ఎక్కొచ్చు. గుర్రాలు మాత్రం ఎక్కకూడదు. ఒకప్పుడు ఒక గుర్రం నడి ఏట్లో బెదిరి పడవని బోర్లా తిప్పేసిందట. అప్పటినుంచి అదీ కట్టుబాటు.

మరి గుర్రాలేం కావాలి? వాటికోసం రేవు ఒడ్డున ఒక సాల ఉంది. ఆ సాల సింగన్నది. ఇంకో సాల లేదు. ఇంకొకడు పెడతానంటే సింగన్న పెట్టనివ్వడు. నచ్చినా నచ్చకపోయినా అందరూ గుర్రాన్ని సింగన్న చేతిలో పెట్టి పడవెక్కాల్సిందే.

ఆ సాలకి ఒక పద్ధతి ఉంది. సింగన్న తాత పెట్టిన పద్ధతి. గుర్రం గుమ్మం దగ్గరకి రాగానే దాని మెడలో ఉన్న యజమాని పగ్గం విప్పి, చుట్ట చుట్టి, లోపల కొయ్యకి తగిలిస్తారు. దాని బదులు సాల పగ్గం వేస్తారు. సాల పగ్గం ఎర్రరంగుది. ఎర్ర పగ్గం మెడలో ఉన్న గుర్రాన్ని ఎవరూ తోలుకుపోకూడదు, కొన్నవాడైనా సరే, పెంచినవాడైనా సరే. కూలి చెల్లించాకే సొంత పగ్గం చేతికి వస్తుంది, గుర్రం బయటికి వస్తుంది.

అంతటితో అయిపోలేదు. పగ్గం మార్చేటప్పుడు సింగన్న యజమాని చేత ఒక మాట చెప్పిస్తాడు. "దెబ్బ తగిలినా, దొంగ తోలుకుపోయినా, దైవం తీసుకుపోయినా, భారం నాదే." ఒకసారి కాదు, మూడుసార్లు. అవతల పడవవాడు కేకలు వేస్తుంటాడు. ఆ మాటలో ఏముందో ఆలోచించే తీరిక ఎవరికి? గబగబా మూడుసార్లు అనేసి పరిగెత్తేవాళ్ళు.

నాంచారమ్మ కూడా అలాగే అనేది.

ఈ నాంచారమ్మ ఉప్పు అమ్ముకునే మనిషి. మొగుడు పోయినప్పుడు ఆయన ఉప్పు మూటలూ, ఆయన గుర్రమూ ఈమెకి మిగిలాయి. ఏడుస్తూ కూర్చుంటే ఉప్పు కరిగిపోతుందని, దినాలు కాగానే మూటలు గుర్రం మీద వేసుకుని దారి పట్టింది. ఇంట్లో ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు. నలుగురి కూడూ ఆ గుర్రం నాలుగు కాళ్ళ మీదే నడిచి రావాలి.

గుర్రం పేరు గవ్వ. ఆడగుర్రం. పొట్టిది, తెల్లది, నడుం కాస్త కుంగింది. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. మోయలేనంత బరువు వేస్తే కదలకుండా నిలబడి వెనక్కి చూసేది. ఒక మూట దించితే మళ్ళీ నడిచేది. నాంచారమ్మ దాన్ని ముద్దులాడింది లేదు, మెడలో గంటలు కట్టింది లేదు. సాయంత్రం తను తినేముందు దానికి ఉలవలు పెట్టేది. అంతే.

ఆ ఏడు అవతలి ఒడ్డున అమ్మవారి తిరునాళ్ళు ఘనంగా చేశారు. తిరునాళ్ళంటే వంటలు, వంటలంటే ఉప్పు. నాంచారమ్మ గవ్వని సాలలో వదిలి, మాట మూడుసార్లు చెప్పి, మూటలతో పడవెక్కింది. ఉప్పంతా అమ్ముడుపోయింది. పిల్లలకి గాజులు కొనుక్కుని సంతోషంగా తిరిగి వచ్చింది.

సాలలోకి అడుగు పెట్టేసరికి గవ్వ మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది.

వెనక కాలు ఒకటి పైకి ఎత్తి పట్టుకుంది. మోకాలి దగ్గర కుండలా వాచింది. నాంచారమ్మ కూర్చుని చెయ్యి వేసి చూసింది. లోపల ఎముక కదిలింది. ఇంక చూడాల్సింది ఏమీ లేదు. పక్కనే ఏపుగా ఒక నల్ల మగగుర్రం నిలబడి గడ్డి నములుతోంది. దానికీ గవ్వకీ మధ్య ఎప్పుడూ ఉండే అడ్డుకర్ర లేదు.

నాంచారమ్మ ఏడవలేదు. లేచి సింగన్న దగ్గరికి వెళ్ళింది.

సింగన్న గుమ్మంలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. "చూశావా? పాపం, నిన్ననే జరిగింది" అన్నాడు.

"ఎలా జరిగింది?"

"నల్లగుర్రం తన్నింది. నేను తన్నానా ఏంటి? అది కామిశెట్టిగారి గుర్రం. వెళ్ళి ఆయన్ని అడుగు. అయినా నాంచారమ్మా, పగ్గం మార్చినప్పుడు ఏం చెప్పావో గుర్తుందా?"

"గుర్తుంది."

"గుర్తుంటే మంచిది. జ్ఞాపకం లేనివాళ్ళతోనే నాకు చావు."

"ఎముకలు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోతాను. నా పగ్గం ఇవ్వు."

"కూలి ఇవ్వు, పగ్గం తీసుకో."

"కాలు విరగ్గొట్టి కూలి అడుగుతున్నావా?"

"కాలు విరిగిందని మేత మానేసిందా? తిన్నది కదా."

లోపల కొయ్యకి తన పగ్గం వేలాడుతోంది. మొగుడు పేనిన పగ్గం. నాంచారమ్మ దానివైపు ఒకసారి చూసింది. పైట చెంగున కట్టుకున్న డబ్బు మీద చెయ్యి వేసింది, మళ్ళీ తీసేసింది.

"సరే, అక్కడే ఉండనీ" అంది. ఎముకలు కట్టేవాణ్ణే సాలకి పిలిపించింది. అతను వెదురుబద్దలు పెట్టి కాలికి కట్టు కట్టాడు. కట్టి, "నిలబడుతుంది. మూట మాత్రం ఇక మొయ్యలేదు" అని వెళ్ళిపోయాడు.

నాంచారమ్మ కామిశెట్టి దగ్గరికి వెళ్ళింది. శెట్టి పట్టుబట్టల వ్యాపారి. సత్రం అరుగు మీద దిండుకి ఆనుకుని తాంబూలం నములుతున్నాడు.

"శెట్టిగారూ, మీ గుర్రం నా గుర్రం కాలు విరగ్గొట్టింది."

"తంతుంది. అది తన్నే గుర్రమేనని ఊరంతా తెలుసు. అందుకే మావాడు సింగన్నకి చెప్పి మరీ ఇచ్చాడు, దీని పక్కన ఇంకో గుర్రాన్ని కట్టొద్దని. ఇంక నా తప్పేముంది? మధ్యలో అడ్డుకర్ర ఎవరు తీశారో వాళ్ళని అడుగు."

"ఆ మాట ధర్మాధికారి ముందు చెబుతారా?"

శెట్టి తాంబూలం ఉమ్మి మూతి తుడుచుకున్నాడు. "రేపు పొద్దున్నే నా ప్రయాణం. ఉప్పు మోసే గుర్రం కోసం పట్టు వ్యాపారం ఆపుకోమంటావా?"

అక్కడినుంచి నాంచారమ్మ వడ్రంగి పాపోజు దగ్గరికి వెళ్ళింది. పాపోజు ముసలివాడు. సాలలో ఏ చెక్కపనైనా అతనిదే.

"తాతా, సాలలో అడ్డుకర్ర ఎవరు తీశారు?"

"కోసింది నేనే పిల్లా. కొయ్యమన్నది సింగన్న. తిరునాళ్ళకి గుర్రాలు ఎక్కువొచ్చాయి, శెట్టిగారి గుర్రాన్ని పొమ్మనలేం, ఒక గుర్రం చోట్లో రెండు పట్టాలి, కర్ర కోసెయ్యి అన్నాడు. తన్నే గుర్రం అంటున్నారుగా, వద్దయ్యా అన్నాను. నీకెందుకు, నీది రంపం, నాది సాల అన్నాడు."

"ఈ మాట ధర్మాధికారి ముందు చెప్పు తాతా. నీకు పుణ్యం ఉంటుంది."

పాపోజు రంపం పక్కన పెట్టి చెవి మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏమోనమ్మా, ఈమధ్య నాకు సరిగ్గా వినపడటం లేదు."

"ఇప్పటిదాకా బాగానే వినపడిందిగా."

"ఇప్పుడే పోయింది" అని పాపోజు తలవంచుకున్నాడు. "సాల పని పోతే నాకు కూడెవరు పెడతారు పిల్లా?"

నాంచారమ్మ పక్కనున్న రంపం తీసి మళ్ళీ అతని చేతికిచ్చింది. తనదీ కూడు గొడవే.

ముగ్గురినీ అడిగింది. ముగ్గురూ నిజం చెప్పారు. ముగ్గురిలో ఒక్కడూ చెప్పాల్సిన చోట చెబుతాననలేదు. అయినా నాంచారమ్మ ఫిర్యాదు పెట్టింది.

మొగిలిరేవులో ధర్మాధికారి సుంకం చావిడిలో కూర్చుని తీర్పులు చెప్పేవాడు. ఆయన లంచగొండి కాదు, దయామయుడూ కాదు. విన్నదాన్నిబట్టి చెప్పేవాడు, వినని దాన్ని పట్టించుకునేవాడు కాదు. ఆ రోజు చావిడి నిండా జనం. సగం మంది గుర్రాలు సింగన్న సాలలోనే ఉన్నాయి. ఒక్కరూ నాంచారమ్మ కళ్ళలోకి చూడలేదు. గవ్వని కూడా కుంటించుకుంటూ తెచ్చి బయట నిలబెట్టారు. మెడలో ఎర్ర పగ్గం. పగ్గం కొస సింగన్న చేతిలో.

ధర్మాధికారి అడిగాడు. "నల్లగుర్రం యజమాని ఎక్కడ?"

"వెళ్ళిపోయాడయ్యా."

"అడ్డుకర్ర కోసింది ఎవరో చెప్పేవాళ్ళు ఉన్నారా?"

పాపోజు జనంలోనే ఉన్నాడు. అతనికి వినపడలేదు.

"సరే. సింగన్నా, నువ్వేమంటావు?"

"నేననేదేముందయ్యా. గుర్రాన్ని వదిలేటప్పుడు ఈమె తన నోటితో తనే చెప్పింది. దెబ్బ తగిలినా, దొంగ తోలుకుపోయినా, దైవం తీసుకుపోయినా, భారం నాదే అని. ఈ ఊళ్ళో ఆ మాట చెప్పనివాళ్ళెవరో చెయ్యి ఎత్తమనండి."

ఎవరూ ఎత్తలేదు.

"చెప్పావా నాంచారమ్మా?"

"చెప్పానయ్యా."

"మూడుసార్లు?"

"మూడుసార్లూ చెప్పాను. చెప్పకపోతే గుర్రాన్ని కట్టనివ్వడు. గుర్రాన్ని కట్టకపోతే పడవ ఎక్కనివ్వరు. కానీ అయ్యా, దెబ్బ తగిలితే నాదన్నాను. తగిలేలా కడితే కూడా నాదే అనలేదు."

"తగిలేలా కట్టాడని సాక్ష్యం ఏది?"

సాక్ష్యం లేదు. సింగన్న భుజం మీద తువ్వాలు దులుపుకున్నాడు. అయిపోయిందనుకున్నాడు.

నాంచారమ్మ చేతులు జోడించింది. "అయితే సరేనయ్యా. గుర్రం నాది, భారం నాది. ఇంటికి తోలుకుపోతాను. సెలవిప్పించండి." అని వెళ్ళి గవ్వ జూలు పట్టుకుంది. మెడలోంచి ఎర్ర పగ్గం విప్పబోయింది.

సింగన్న ఒక్క అంగలో అడ్డం వచ్చాడు. "చెయ్యి తియ్యి. ఎక్కడికి తోలుకుపోతావు?"

"నా గుర్రమేగా."

"కూలి ఏది? తిరునాళ్ళ రోజులది ఇవ్వలేదు, ఆ తర్వాత మంచాన పడ్డట్టు పడి తిన్న రోజులదీ ఇవ్వలేదు. ఎర్ర పగ్గం మెడలో ఉన్నంతసేపూ గుర్రం నా చేతిలోది."

"ఏమన్నావు?" అని అడిగాడు ధర్మాధికారి.

"ఎర్ర పగ్గం మెడలో ఉన్నంతసేపూ గుర్రం నా చేతిలోదయ్యా. మా తాత నాటి కట్టుబాటు."

"సరిగ్గా వినపడలేదు. అందరికీ వినపడేలా చెప్పు."

సింగన్న ఛాతీ విరిచి చావిడి అదిరేలా చెప్పాడు. "ఎర్ర పగ్గం మెడలో ఉన్నంతసేపూ గుర్రం నా చేతిలోది. నేను వదిలితే తప్ప అడుగు కదలదు."

అప్పుడు నాంచారమ్మ జూలు వదిలేసి పక్కకి జరిగింది. "నా చేత నా మాట మూడుసార్లు చెప్పించాడయ్యా. ఇప్పుడు తన మాట తనూ మూడుసార్లు చెప్పాడు. నాకింక చెప్పాల్సింది లేదు."

ధర్మాధికారి ఆ ఎర్ర పగ్గంవైపు చెయ్యి చూపించాడు. "సింగన్నా, తన్ను పడినప్పుడు దీని మెడలో ఏ పగ్గం ఉంది?"

"ఎర్రదే. ఇంకేముంటుంది?"

"ఆ రోజు ఈమె వచ్చి, ఇక్కడ అడ్డుకర్ర తియ్యొద్దు, నా గుర్రాన్ని వేరే చోట కట్టు అనుంటే వినేవాడివా?"

సింగన్న నవ్వాడు. "ఎందుకు వింటానయ్యా? నా సాలలో ఏ కర్ర ఉంచాలో ఏ కర్ర తియ్యాలో ఇంకొకరు నాకు చెప్పేదేంటి?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. పాపోజుకి ఈసారి వినపడినట్టుంది, తల ఎత్తాడు.

"అదీ సంగతి" అన్నాడు ధర్మాధికారి. "కదిలించే హక్కు నీది. కట్టే హక్కు నీది. కర్ర తీసే హక్కు నీది. భారం మాత్రం ఆమెదా? కూలి కోసం పగ్గం నీ గుప్పిట్లో పెట్టుకున్నావు. పగ్గం పట్టుకుంటే దాని రెండో కొసన ఉన్న గుర్రం కూడా నీదే అవుతుంది. తీర్పు వినండి. ఈమెకి నీ సొంత గుర్రాల్లో మూటలు మోసే గుర్రాన్ని ఒకదాన్ని ఇవ్వు. కూలి అడగకు. ఈ కుంటి గుర్రాన్ని నువ్వు ఉంచుకో."

జనం తలలూపారు. భలే తీర్పు అన్నారు. అంతసేపూ నోరు విప్పనివాళ్ళే ముందుగా అన్నారు.

నాంచారమ్మ మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది. "అయ్యా, గవ్వని అతనికిస్తారా?"

"విలువ కట్టి ఇచ్చేశాక పాడైన వస్తువు ఆ విలువ ఇచ్చినవాడిదే కదా. రెండూ నీకెలా వస్తాయి? కావాలంటే ఆ గుర్రం వదిలేసి ఈ గుర్రాన్నే తోలుకుపో. నీ ఇష్టం."

గవ్వ మూడు కాళ్ళ మీద నిలబడి నాంచారమ్మ చేతివైపు మూతి చాపింది. చేతిలో ఉలవలు లేవు. నాంచారమ్మకి ఉప్పు మూటలు గుర్తొచ్చాయి. అత్త గుర్తొచ్చింది. పిల్లలు గుర్తొచ్చారు. మూడు కాళ్ళ మీద నలుగురి కూడు రాదు.

"మోసే గుర్రాన్నే ఇప్పించండి" అంది. "కానీ దీని మేత మాట తేల్చండి."

"పగ్గం అతనిది కాబట్టి మేతా అతనిదే. బతికున్నంతకాలం పెట్టాలి. అందరూ విన్నారుగా?"

"విన్నాం" అన్నారు అందరూ.

సింగన్న కొయ్యకున్న పాత పగ్గం తెప్పించి నాంచారమ్మ చేతిలో పడేశాడు. ఒక ఎర్రమట్టి రంగు గుర్రాన్ని ఇచ్చాడు. వయసులో ఉంది, గట్టిది. నాంచారమ్మ గవ్వ పగ్గం దాని మెడలో వేసింది. అది వాసన చూసి తల విదిలించింది. నాంచారమ్మ వెనక్కి చూడకుండా దాన్ని నడిపించుకుపోయింది. చూస్తే అడుగు పడదని ఆమెకి తెలుసు.

తర్వాత సంతకి వచ్చినప్పుడు సాలలోకి వెళ్ళి చూసింది. గవ్వ ముందు గడ్డి ఉంది. ఉలవలు లేవు. "గడ్డి మేత కాదా?" అన్నాడు సింగన్న.

ఆ తర్వాతి సంతకి వచ్చినప్పుడు చూసింది. గడ్డి కూడా ఎండిన పోచలే. గవ్వ పక్కటెముకలు బయటపడ్డాయి. నాంచారమ్మ ఊళ్ళో నలుగురికీ చెప్పింది. "తీర్పు రోజున విన్నాం అన్నారుగా, ఒక్కసారి వచ్చి చూడండి" అంది. మా గుర్రాలు కూడా ఆ సాలలోనే కట్టాలిగా అమ్మా, అన్నారు వాళ్ళు. ధర్మాధికారి పైఊరు వెళ్ళాడు, వానలు తగ్గాక వస్తాడన్నారు.

మూడోసారి వచ్చేసరికి గవ్వ లేదు. ఉండాల్సిన చోట కొత్త అడ్డుకర్ర బిగించి ఉంది. ఎర్ర పగ్గం ఒకటి ఉతికి, ఆరేసి, కొయ్యకి తగిలించి ఉంది.

"గవ్వ ఏది?"

"పోయింది" అన్నాడు సింగన్న.

"ఎలా పోయింది?"

"దైవం తీసుకుపోయింది."

"బతికున్నంతకాలం మేత నీదని తీర్పు. ఎర్ర పగ్గం మెడలో ఉండగా చచ్చిందంటే నువ్వు జవాబు చెప్పాలి."

సింగన్న ఈసారి నవ్వలేదు. నింపాదిగా, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. "ఎర్ర పగ్గం ఎక్కడుంది? మెడలోంచి ముందే విప్పేశాను. బయట వదిలేశాను. చచ్చేటప్పుడు దాని మెడలో ఏ పగ్గమూ లేదు. కావాలంటే అందరినీ అడుగు, చూశారు."

అందరూ చూశారు. మెడలో పగ్గం లేకపోవడం చూశారు. దాని ముందు మేత లేకపోవడం ఎవరికీ కనపడలేదు.

బయట పడవవాడు కేక వేశాడు. "ఎక్కుతావా నాంచారమ్మా?"

నాంచారమ్మ ఎర్రమట్టి గుర్రం పగ్గాన్ని మణికట్టుకి చుట్టుకుంది. "ఎక్కను" అంది. మూటలు ఇవతలి ఒడ్డునే దించి, అక్కడే గోనె పరుచుకుని కూర్చుంది. ఇవతల ఉప్పుకి సంత ధర రాదు. అవతలికి తీసుకుపోయి అమ్ముకునేవాళ్ళు సగానికి అడుగుతారు. సగానికే ఇచ్చింది. ఆ రోజు మొదలు ఆమె బతికినన్నాళ్ళూ ఏరు దాటలేదు, పగ్గం ఇంకొకరి చేతిలో పెట్టలేదు.

కాబట్టి పిల్లలూ, సొమ్ము కాపాడతానని పగ్గం అందుకున్నవాడిదే దాని పూచీ. కానీ వాడు ఆ పగ్గాన్ని ఎప్పుడు వదిలేస్తున్నాడో కళ్ళు తెరిచి చూసేవాళ్ళు లేని ఊళ్ళో ఎంత మంచి తీర్పైనా గడ్డిపోచకి కొరగాదు.